చెయ్యి లూజు చూసుకోకుండా బీపీ మిషన్ కొనకండి

ఇంట్లో వాడుకునే బీపీ మిషన్ గురించి ఇది. మోచేతికి పైన పట్టీ చుట్టి బటన్ నొక్కితే దానంతట అదే గాలి నింపుకుని అంకెలు చూపించే రకం. తిరుపతిలో రుయా ఆసుపత్రి వైపున్న ఒక సర్జికల్ షాపులో కొన్నాం. పెద్ద పట్టీతో కలిపి 2,600 రూపాయలు పడింది. కొని ఏడాది దాటింది. రోజూ వాడేది మా అత్తమ్మ. అప్పుడప్పుడు మా ఆయన, చంద్రగిరి పక్క పల్లె నుంచి వచ్చినప్పుడల్లా మా నాయన. ముగ్గురివీ మూడు రకాల చేతులు. అందుకే దీని గురించి చెప్పడానికి నా దగ్గర ఇంత ఉంది.

మిషన్ మంచిదే, పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. కాకపోతే దాని అంకెలు నమ్మేట్టుగా ఉన్నాయంటే ఆ పుణ్యం చేతికి సరిపోయిన పట్టీది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. షాపులో ఉన్న మంచి కంపెనీల్లో ఏది కొన్నా నేను చెప్పబోయేది వర్తిస్తుంది. పేరు రాస్తే చదివినవాళ్లు పేరు పట్టుకుని షాపుకు పోతారు, పట్టీ సంగతి మర్చిపోతారు.

నేను బైరాగిపట్టెడలో లేడీస్ టైలర్‌ని. జాకెట్లు కుట్టడం నా పని. నా కొలతల పుస్తకంలో ప్రతి పేరు పక్కనా చెయ్యి లూజు, అంటే చేతి చుట్టుకొలత ఉంటుంది. 9 అంగుళాల చేతుల పిల్లలు వస్తారు, 16 అంగుళాల చేతుల పెద్దవాళ్లూ వస్తారు. ఒకరి జాకెట్టు ఇంకొకరికి ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే చెయ్యి కమిలిపోతుంది. ఇది ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. అయినా బీపీ దగ్గరికి వచ్చేసరికి ఊరందరికీ ఒకే సైజు పట్టీ చుట్టేస్తున్నారు, ఆ వచ్చిన అంకె చూసి మందులు రాసేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

మిషన్ కొనాల్సి వచ్చింది మా అత్తమ్మ కోసం. ఒక క్లినిక్‌లో చూపిస్తే 168/96 వచ్చింది. క్లినిక్ పేరు అక్కర్లేదు, చాలాచోట్ల జరిగేదే. మెట్లెక్కి వెళ్లిన మనిషిని వెళ్లిన వెంటనే స్టూలు మీద కూర్చోబెట్టారు. జాకెట్టు చెయ్యి మీదనే పట్టీ చుట్టారు. చుట్టిన పట్టీ కొస రెండు వేళ్ల వెడల్పున మాత్రమే అంటుకుంది. గాలి నిండేకొద్దీ ఆ అంటు చిటపటలాడుతూ ఊడడం నాకు వినబడుతూనే ఉంది. పట్టీ మధ్యలో ఉబ్బి, అంచుల్లో లేచిపోయింది. పక్కన ఒకమ్మాయి మందుల చీటీ గురించి అడుగుతుంటే అత్తమ్మ జవాబు చెబుతూనే ఉంది. డాక్టరు గారు మాత్రం తొందరపడలేదు. "డోసు పెంచాలేమో, వారం రోజులు ఇంట్లో చూసి రాసుకుని రండమ్మా" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకు దండం పెట్టాలి.

షాపులో అడగ్గానే ఒక పెట్టె తీసి పెట్టారు. దాని మీద 22–32 సెం.మీ. అని రాసి ఉంది. అది పట్టీ ఏ చేతికి సరిపోతుందో చెప్పే కొలత. మా అత్తమ్మ చెయ్యి లూజు నాకు ఎప్పుడూ తెలిసిందే, 14 అంగుళాలు. అంటే 35న్నర సెంటీమీటర్లు.

"అన్నా, దీని మీద 32 వరకే అని ఉండాది. మా అత్తమ్మది 35న్నర."

"అందరూ ఇదే తీస్కపోతారమ్మా, ఫ్రీ సైజు."

"ఫ్రీ సైజు అని యాడ రాసుండాది, చూపించన్నా."

ఆయన పెట్టె తిప్పి చూశాడు. కోపం తెచ్చుకోలేదు. లోపలికి వెళ్లి అదే కంపెనీది 22–42 పట్టీ తెచ్చాడు, పెట్టె విప్పించి అత్తమ్మ చేతికి చుట్టి చూపించాడు. ఈ షాపుకు నేను మంచి మార్కులు వేసేది ఇందుకే. చుట్టి చూడనివ్వని షాపులో బీపీ మిషన్ కొనకండి.

కొలత ఎలా తీయాలో చెప్తాను, ఇది నా చేతిలో పని. చెయ్యి వదులుగా కిందికి వేలాడాలి. భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా పొడవు చూసి, సరిగ్గా నడిమికి గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు దగ్గర, బట్ట లేకుండా, టేపు చుట్టాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. కుట్టు టేపుకు వెనక వైపు సెంటీమీటర్లు ఉంటాయి, లెక్కలు కట్టే పనే లేదు. 22–32 అంటే మన కొలతలో దగ్గర దగ్గర 8 ముప్పావు నుంచి 12న్నర అంగుళాలు. నా దగ్గరికి జాకెట్టు కుట్టించుకోను వచ్చే నడివయసు ఆడవాళ్లలో 13 దాటినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఎవరికి ఈ మామూలు పట్టీ చుట్టినా అది చిన్నదే.

పట్టీలో బయటికి కనబడే గుడ్డ పొడవు చూసి మోసపోవద్దు. పని చేసేది లోపల ఉన్న గాలి సంచి. వేళ్లతో నొక్కుకుంటూ పోతే అది ఎక్కడ ఆగిపోయిందో అడ్డంగా ఒక కుట్టు తగులుతుంది. అక్కడి నుంచి మిగతాదంతా అంటించుకోను పెట్టిన గుడ్డే. డాక్టర్లు పెట్టుకున్న లెక్క ప్రకారం ఆ సంచి పొడవు చెయ్యి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. మా అత్తమ్మ చేతికి అంటే 28 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు.

సరిపోకపోతే ఏమవుతుందో మా పాప చెప్పింది. తను నర్సింగ్ చదివింది. పట్టీ గాలితో బిగిసినప్పుడు ఆ ఒత్తిడి కండ దాటి లోపలున్న రక్తనాళం దాకా పోవాలి. సంచి చిన్నదైతే ఒత్తిడి చెయ్యంతా పరుచుకోదు, లోపలికి పూర్తిగా దిగదు. అప్పుడు నాళాన్ని మూయడానికి మిషన్ ఇంకా ఎక్కువ గాలి కొట్టాలి. ఆ ఎక్కువ కొట్టిన గాలినే మనకు బీపీగా చూపిస్తుంది. సంచి పెద్దదైతే దీనికి రివర్సు, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

ఎంత తేడా అంటే, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 195 మంది పెద్దవాళ్ల మీద చూసి 2023లో అచ్చేశారు. అందరికీ మామూలు పట్టీతోనూ చూశారు, వాళ్ల వాళ్ల చేతికి సరిపోయే పట్టీతోనూ చూశారు. పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలుదానితో పై అంకె సగటున 4.8 పాయింట్లు ఎక్కువ వచ్చింది. ఇంకా పెద్దది, అదనపు పెద్ద పట్టీ కావలసినవాళ్లకైతే 19.5 పాయింట్లు ఎక్కువ. చిన్న పట్టీ కావలసినవాళ్లకు 3.6 పాయింట్లు తక్కువ. దాదాపు ఇరవై పాయింట్లు! 125 ఉన్న మనిషి 145 అయిపోతాడు. లేని జబ్బుకు మాత్ర మింగుతాడు. ఈ సంఖ్య మా పాప చదివి వినిపించినప్పుడు నా కస్టమర్ల పేర్లు ఒక్కొక్కటీ కళ్ల ముందు తిరిగాయి.

మా నాయన సంగతి దీనికి పూర్తిగా ఎదురు. జీవితమంతా చెరుకు, వేరుశెనగ పండించిన మనిషి, చెయ్యి ఎముక మీద నరాలు కనబడుతుంటాయి. లూజు 8 అంగుళాల మీద పావు, అంటే 21 సెంటీమీటర్లు. మామూలు పట్టీకి కూడా లెక్కలో అందడు. అత్తమ్మ పట్టీ చుడితే కొస వెళ్లి గీత అవతల పడుతుంది. చాలా పట్టీల మీద రెండు గీతలు, ఒక బాణం గుర్తు ఉంటాయి. చుట్టినప్పుడు బాణం ఆ గీతల మధ్య పడితేనే ఆ పట్టీ మీది. బాణం బయట పడినా మిషన్ ఊరుకోదు, ఏదో ఒక అంకె చూపించేస్తుంది. ఆ వచ్చిన అంకె చూసి "నాకేం బీపీ లేదు పాపా, మీరే భయపడతా ఉండారు" అని నాయన నిశ్చింతగా ఉండేవాడు. అదే కంపెనీ చిన్న పట్టీ షాపువాళ్లు చెన్నై నుంచి తెప్పించి ఇచ్చారు. దాంతో చూస్తే పై అంకె కొంచెం పెరిగింది. పెద్ద తేడా లేదు, కానీ ఊరగాయ ముద్ద తగ్గించుకోమని చెప్పడానికి సరిపోయేంత ఉంది. లావు చేతులవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. సన్న చేతుల ముసలివాళ్లను ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు అంకె తక్కువ వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

పట్టీ మాత్రం వేరే కంపెనీది కొనకండి, గొట్టం పట్టినా సరే. ఈ మిషన్లు డాక్టరు స్టెతస్కోపుతో చూసినట్టు చప్పుడు వినవు. పట్టీ నెమ్మదిగా గాలి వదులుతున్నప్పుడు నాడి కొట్టుకోవడం వల్ల ఆ గాలిలో చిన్న చిన్న అదురులు పుడతాయి. అదురు ఎక్కడ అన్నిటికంటే పెద్దదిగా ఉందో అది సగటు ఒత్తిడి. పై అంకె, కింది అంకె ఆ అదురుల తీరును బట్టి మిషన్ లెక్కగట్టి చెప్పేవే. ఆ లెక్క కంపెనీకో రకం, వాళ్ల పట్టీతో కలిపి సరిచూసుకున్నది. పట్టీ మారిస్తే లెక్క తప్పుతుంది. చెవితో విని చూసే పద్ధతి వేరు. చేతికి పట్టీ చుట్టి పాదరసంతో చూసే పరికరం 1896లో ఇటలీ డాక్టరు రీవా-రోచీ తెచ్చాడు. స్టెతస్కోపు పెట్టి చప్పుడు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో వినే పద్ధతిని 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ చెప్పాడు. రీవా-రోచీ మొదటి పట్టీ మరీ సన్నం, దాంతో అంకె ఎక్కువ వస్తుందని కొద్ది ఏళ్లకే తెలుసుకుని వెడల్పు పట్టీలు చేశారు. పట్టీ కొలత గొడవ అంత పాతది, ఇంకా తీరలేదు.

టైలర్‌గా నాకు తోచిన ఇంకో సంగతి. లావు చేతులు పైన వెడల్పు, మోచేతి దగ్గర సన్నం. అలాంటి చేతికి జాకెట్టు చెయ్యి నిలువుగా కత్తిరిస్తే కింద లూజైపోతుంది, అందుకే మేం కిందికి వచ్చేకొద్దీ లోపలికి తీస్తాం. బీపీ పట్టీలు చాలావరకు పొడుగ్గా, తిన్నగా కత్తిరించిన ముక్కలే. ఏటవాలు చేతికి చుడితే పై అంచు బిగుస్తుంది, కింది అంచు లేచి నిలబడుతుంది. మా అత్తమ్మకు ఇదే జరిగింది. అలాంటప్పుడు అంకె ఎక్కువ వచ్చే ప్రమాదం ఉందని మా పాప కూడా చెప్పింది. చేతి వాలుకు తగ్గట్టు వంపుగా కత్తిరించిన పట్టీలు కొన్ని కంపెనీలు చేస్తాయి. మేం కొన్న 22–42 పట్టీ అలాంటిదే. పరిచి చూస్తే తిన్నగా ఉండదు, విసనకర్ర అంచులా వంపు తిరిగి ఉంటుంది. పైనా కిందా ఒకే బిగువుతో కూర్చుంది. కుట్టినవాడెవరో కొలత తెలిసినవాడు. అంచు కుట్టు రెండు వరసలు, ఎక్కడా దారం లేవలేదు.

జాకెట్టు చెయ్యి సంగతి ఆడవాళ్లందరూ వినాలి. చెయ్యి మీదనే పట్టీ చుట్టడం తప్పు. పైకి మడిచి చుట్టడం కూడా అంతే తప్పు. బిగువు జాకెట్టు చెయ్యి చుట్టలా పైకి తోస్తే అదే ఒక తాడై చేతిని నొక్కేస్తుంది. మగ్గం వర్కు ఉన్న చెయ్యి అయితే మరీ అన్యాయం. చెయ్యి జాకెట్టులోంచి బయటికి తీసి చూడాలి, లేదా వదులు నైటీలో ఉన్నప్పుడు చూడాలి. క్లినిక్‌లో అది కుదరదు కాబట్టి అత్తమ్మకు ప్రత్యేకంగా రెండు జాకెట్లు కుట్టాను. ఎడమ చెయ్యి పై కుట్టు భుజం దాకా వదిలేసి, అక్కడ టిచ్ బటన్లు పెట్టాను. మూడు బటన్లు విప్పితే చెయ్యి మొత్తం తెరుచుకుంటుంది, పైట తీసే పని లేదు. మొన్న డాక్టరు దగ్గర నర్సమ్మ చూసి "ఇది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. నా దగ్గర కుట్టించుకోమని కాదు, ఏ టైలర్‌కు చెప్పినా కుడతారు.

ఇక చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి దిగితే సుమారు ఏడెనిమిది పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, పైకి లేస్తే అంతే తగ్గుతుంది. మా అత్తమ్మకు కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకోవడం ఇష్టం. జాన్స్ హాప్కిన్స్ వాళ్లే 2024లో ఇది కూడా చూశారు. బల్ల మీద ఆనించిన చేతితో పోలిస్తే ఒళ్లో పెట్టుకున్న చేతికి పై అంకె 3.9, కింది అంకె 4 పాయింట్లు ఎక్కువ. ఊరికే కిందికి వేలాడేసిన చేతికి పైది 6.5, కిందిది 4.4 ఎక్కువ. మా ఇంట్లో టీపాయ్ మరీ కిందికి ఉంటుంది, డైనింగ్ టేబుల్ లేదు. సరిగ్గా సరిపోయింది నా కుట్టుమిషన్ బల్ల. కుట్టుమిషన్ తల లోపలికి దించి మూత వేస్తే, వీపు ఆనే కుర్చీలో కూర్చున్న అత్తమ్మ మోచెయ్యి హాయిగా దాని మీద వాలుతుంది, పట్టీ ఛాతీ నడిమికి వస్తుంది. కాళ్లు నేలకు ఆనాలి, ఒకదాని మీద ఒకటి వేయకూడదు.

అన్నిటికంటే కష్టమైనది ఆమెను మాట్లాడకుండా కూర్చోబెట్టడం. బటన్ నొక్కగానే మొదలవుతుంది.

"ఏమ్మే, పాలోడు వచ్చినాడా?"

"జేజీ, మాట్లాడొద్దు, ఎక్కువ వస్తాది" అంటుంది మా పాప.

"నేనేం మాట్లాడినానే, పాలోడి సంగతి అడిగినా అంతే."

మాట్లాడుతూ ఉండగా తీసినదానికీ, వెంటనే నిమిషం ఆగి నోరు మెదపకుండా తీసినదానికీ పది పాయింట్ల దాకా తేడా ఈ కళ్లతో చూశాను. ఇప్పుడు మా పద్ధతి ఒకటి కుదిరింది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటుంది, ఆ సేపు వేంకటేశ్వర సుప్రభాతం కూడా ఆపేస్తాం, లేకపోతే గొంతు కలుపుతుంది. తర్వాత ఒకసారి, నిమిషం ఆగి ఇంకోసారి. రెండూ రాస్తాం. పొద్దున మాత్ర వేసుకోకముందు, కాఫీ తాగకముందు. రాత్రి పడుకోబోయే ముందు. ఒంటికి వెళ్లాల్సిన అవసరం ఉంటే ముందు వెళ్లి రావాలి, ఆపుకుని కూర్చుంటే అదీ పెంచుతుంది.

వారం రాసి, మొదటి రోజువి వదిలేసి, మిగతావాటి సగటు తీస్తే 134/80 వచ్చింది. 168 ఎక్కడ, 134 ఎక్కడ! ఈ తేడా అంతా పట్టీదేనని నేను అనను. మెట్లు, మాటలు, జాకెట్టు చెయ్యి, ఆసుపత్రి అంటే ఉండే బెరుకు, అన్నీ కలిసి చేసిన పని. ఆసుపత్రిలో 140/90 దాటితే ఎక్కువ అంటే, ఇంట్లో చూసుకునేదానికి 135/85 గీత. అమెరికా వాళ్లు 2017 నుంచి 130/80 అంటున్నారు. ఏ గీత ఎవరికన్నది డాక్టరు చెప్పాలి.

ఆ కాగితంతోపాటు మిషన్ కూడా పట్టుకుని వెళ్లాం. ఇది అందరూ చేయాల్సిన పని. డాక్టరు గారు లోపలి నుంచి పెద్ద పట్టీ తెప్పించి, అదే చేతికి స్టెతస్కోపు పెట్టి చూశారు, తర్వాత మా మిషన్‌తో, మళ్లీ ఆయనది. మధ్యలో నిమిషం చొప్పున ఆగుతూ. ఆయనకు 138, మాకు 141. ఐదు పాయింట్ల లోపు తేడా ఉంటే నమ్మొచ్చని, పది దాటితే మిషన్ మార్చాల్సిందేనని చెప్పారు. డోసు పెంచలేదు. రెండు చేతులకూ చూసి, కుడి చేతికి నాలుగు ఎక్కువ ఉంటే ఇకమీదట కుడికే చూడమన్నారు. నేను కుట్టిన టిచ్ బటన్లు ఎడమ చేతికి ఉన్నాయి, కుడికి కూడా పెట్టాల్సి వచ్చింది. రెండు చేతులకూ తేడా పది, పదిహేను పాయింట్లు దాటితే మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పాలట. రక్తనాళంలో అడ్డు ఉన్నా అలా వస్తుంది.

మిషన్ కొనేముందు ఇంకో పరీక్ష ఉంది. ఆ మోడల్‌ను ఎవరైనా నిజంగా సరిచూశారా అన్నది. దానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 81060-2. కనీసం 85 మంది మీద, స్టెతస్కోపు పద్ధతితో పక్కపక్కన పోల్చాలి. సగటు తేడా 5 పాయింట్లు దాటకూడదు, అటూ ఇటూ చెదిరే తేడా 8 దాటకూడదు. అలా నెగ్గిన మోడళ్ల జాబితా స్ట్రైడ్ బీపీ అనే వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. మా పాప షాపులోనే ఫోనులో మోడల్ నంబరు కొట్టి చూసింది. పెట్టె మీద "క్లినికల్లీ టెస్టెడ్" అని రాసుకోవడం వేరు, ఆ జాబితాలో ఉండటం వేరు. మణికట్టుకు కట్టే రకం వద్దు. చెయ్యి కొంచెం అటూ ఇటూ కదిలినా అంకె మారిపోతుంది. పై చేతికి ఏ పట్టీ పట్టనివాళ్లకు తప్ప దాని అవసరం లేదు.

ఒక హెచ్చరిక. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు ఈ మిషన్ అంకెలు నిలకడగా రావు, ఎందుకంటే అదురులు ఒకదానితో ఒకటి పోలవు. మా మిషన్‌లో అలాంటప్పుడు గుండె గుర్తు ఒకటి వెలుగుతుంది. అది ఒకటికి రెండుసార్లు కనబడితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, మళ్లీ మళ్లీ బటన్ నొక్కుతూ కూర్చోకూడదు.

మా ఆయన అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లొస్తుంటాడు. 3,550 మెట్లు ఎక్కి, దిగొచ్చి, చెమట కూడా ఆరకముందు పట్టీ అడుగుతాడు. ఆ అంకెకు విలువ లేదు, ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా. శ్రమ చేశాక కనీసం అరగంట గడవాలి, కాఫీకి, సిగరెట్టుకు కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో మన తిరుపతి ఎండకు నాళాలు వదులై అంకెలు కొంచెం దిగుతాయి. అత్తమ్మవి కూడా దిగాయి. అది చూసి సొంతంగా మాత్ర మానేసినవాళ్లు మా వీధిలో ఉన్నారు. దయచేసి అలా చేయొద్దు, రాసుకున్న కాగితం తీసుకెళ్లి డాక్టరునే అడగండి.

మిషన్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. అంటుకునే పట్టీకి దారం ముక్కలు, గుడ్డ నూగు పట్టేస్తాయి. టైలర్ ఇంట్లో అది తప్పదు, సూదితో ఏరి తీస్తుంటాను. తీయకపోతే గాలి నిండినప్పుడు జారిపోయి ఎర్రర్ వస్తుంది. AA సైజు పెన్సిల్ బ్యాటరీలు నాలుగు పడతాయి, కరెంటుకు పెట్టుకునే అడాప్టర్ విడిగా కొనాలన్నారు. పుస్తకంలో తెలుగు లేదు. పట్టీ ఎలా చుట్టాలన్న ఒక్క బొమ్మ కిందైనా తెలుగులో నాలుగు ముక్కలు వేసి ఉంటే మా నాయనలాంటివాళ్లకు ఎంత మేలు. నేనే ఒక కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించాను: పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన, గొట్టం చెయ్యి లోపలి వైపు, పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత బిగువు. జ్ఞాపకం పెట్టుకునే సదుపాయం ఇద్దరికే ఉంది. పక్కింటివాళ్లు వచ్చి చూసుకుంటే వాళ్లవి అత్తమ్మ లెక్కలో కలిసిపోతాయి, అందుకే నోటు పుస్తకమే మాకు ఆధారం.

గొట్టం మిషన్‌కు దూరే చోట ఇంకా బిగువుగానే ఉంది, గాలి ఎక్కడా పోవడం లేదు. పట్టీ మడతలు పడకుండా చుట్టి పెట్టండి, గొట్టాన్ని మెలిపెట్టొద్దు. ఏడాదికోసారి డాక్టరు మిషన్‌తో మళ్లీ పోల్చి చూసుకోండి. షాపుకు వెళ్లేముందు ఇంట్లో ఎవరెవరు వాడతారో అందరి చేతులూ కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి, సెంటీమీటర్లలో. ఇద్దరి చేతులు ఒక పట్టీకి పట్టకపోతే రెండో పట్టీ ఎంతకు వస్తుందో, ఎన్నాళ్లకు తెప్పిస్తారో మిషన్‌కు డబ్బులిచ్చే ముందే అడగండి. మాకు చిన్న పట్టీకి 800 అయింది.